ఫ్రిజ్ డబ్బా వార్తలు

పెద్దమ్మ పోయిన సంగతి నాకు వారం ఆలస్యంగా తెలిసింది. గౌలిపురాలో మిర్చి బజ్జీలు వేసే ఆయన పొట్లం కడుతూ కడుతూ, "మీ టీవీ పెద్దమ్మ లేదు గదా, పోయిన ఆయితారం పోయింది" అన్నాడు. వేడి పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రావాల్సిన చోట ముందు నవ్వొచ్చింది. వారం పాతబడిన కబురును వార్త అనకూడదనీ, పచ్చడి అనాలనీ ఆమె నియమం. బతికుంటే "నా సావునే పచ్చడి జేసినవు గదనే" అని నన్ను నాలుగు తిట్టేది.

ఆమె నాకు చుట్టం కాదు. మా పరిచయం మొదలైంది ఒక అట్టపెట్టె మీద తగాదాతో.

అప్పట్లో ఉద్యోగాలు పోయిన నలుగురం కలిసి ఒక కళాబృందం పెట్టుకున్నాం. నేను ఒక ప్రైవేటు బళ్లో డ్రాయింగ్ టీచర్ని. బొమ్మలు గీయకపోయినా పిల్లలు పరీక్షలు పాసవుతారని యాజమాన్యం కనిపెట్టాక ఇంటికొచ్చాను. మిగతావాళ్లలో ఒకడు పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాడు, ఒకామె చీరల మీద డిజైన్లు గీసేది. నాలుగోవాడు ఫ్లెక్సీల దుకాణంలో నాయకుల మొహాలు తెల్లబరిచే పని చేసి, అది కూడా పోగొట్టుకున్నవాడు. లావుపాటి పుస్తకాలు చదివేవాడు కాబట్టి అతన్ని సిద్ధాంతి అనేవాళ్లం. బృందానికి 'ఖాలీ డబ్బా' అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు కుదరడానికే మాకు రెండు నెలలు పట్టింది. పని గురించి ఆలోచించడం ఆ తర్వాత మొదలుపెట్టాం.

ఆలోచన సిద్ధాంతిది. ఒక పెద్ద ఫ్రిజ్ అట్టపెట్టెకు ముందువైపు చతురస్రంగా కోసి, నల్లరంగు వేసి, టీవీలా చేయాలి. దాన్ని గల్లీ గల్లీ తిప్పాలి. పని పోయినవాళ్లు, దుకాణం మూసుకున్నవాళ్లు అందులో కూర్చుని తమ వార్త తామే చదువుకోవాలి. కెమెరా మాత్రం ఉండకూడదు. "టీవీ మనల్ని ఎప్పుడూ చూడలేదు. మనకూ దాని కన్ను అక్కర్లేదు" అన్నాడు సిద్ధాంతి. మాకు ముగ్గురికీ ఒళ్లు పులకరించింది.

గల్లీలో ఎవరికీ పులకరించలేదు.

"ఏ ఛానలన్నా? ఎన్ని గంటలకొస్తది?" అని అడిగేవారు.

"ఎక్కడా రాదు."

"రాకపోతే ఎందుకు చెప్పాలె?" అని వెళ్లిపోయేవారు. ఒకాయన మాత్రం ఓపిగ్గా లోపల కూర్చుని, తల దువ్వుకుని, కెమెరా లేదని తెలిశాక మేం మోసగాళ్లమని కేకలేశాడు.

మూడో రోజు చత్రినాక దగ్గర డబ్బా దించుకుని, చెట్టునీడలో దిగాలుగా కూర్చున్నాం. అప్పుడొచ్చింది పెద్దమ్మ. పొట్టి మనిషి, నడుముకు బిగించిన కొంగు, గల్లీ ఆ చివరి నుంచే గొంతు.

"ఎవడు తెచ్చిండు నా డబ్బా?"

మేం లేచి నిలబడ్డాం.

"ఫ్రిజ్ దుకాణపాయన నాకిస్తనన్నడు. నాలుగు దినాల సంది తిరుగుతున్న. మీరు గద్దల్లెక్క ఎత్కపోయిన్రు. ఎత్కపోతె ఎత్కపోయిన్రు, మల్ల దానికి గింత బొక్క పెట్టిన్రు!"

ఆమె బొక్క అన్నది మా టీవీ తెరను.

సిద్ధాంతి నచ్చజెప్పబోయాడు. అది ఇప్పుడు అట్టపెట్టె కాదనీ, కళాఖండమనీ చెప్పాడు. ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత వెనకవైపు నుంచి డబ్బాలోకి దూరి, మేం లోపల వేసిన స్టూలు మీద కూర్చుని, "ఇప్పుడెట్ల తీస్కపోతరో చూస్త" అంది.

ఇక అక్కడి నుంచి, ఆ బొక్కలోంచే, మొదలుపెట్టింది. ఆమెది లక్క గాజుల మీద రాళ్లు అద్దే పని. లాడ్ బజార్ దుకాణాలకు సరుకు పంపే చిన్న కార్ఖానాలో ముప్పై ఏళ్లు చేసింది. యంత్రాల గాజులు వచ్చి పడ్డాయి, ఆర్డర్లు తగ్గాయి, ఒకరోజు పొద్దున పోయేసరికి కార్ఖానాకు తాళం. ఇంటి మీద రేకు కారుతోంది. కిరాయి తీసుకునే ఇంటాయనకు చెబితే, "వాన బంద్ అయితె కారదు" అన్నాడట. అందుకని అట్ట పరిచి పైన ప్లాస్టిక్ కప్పుదామనుకుంటే, ఆ అట్టను ఈ చదువుకున్న దొంగలు ఎత్తుకుపోయారు. మధ్యమధ్య ఇంటాయన మాట్లాడే తీరు అనుకరించి చూపింది. రేకు కారే చప్పుడు కూడా నోటితోనే చేసింది.

చుట్టూ జనం పోగయ్యారు. పాలప్యాకెట్లు తెచ్చేవాళ్లు ఆగారు, ఆటో ఆగింది. కాసేపటికి ఆమెకు చెమట పట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికి చూసింది.

"ఏంది గిట్ల చూస్తుండ్రు? నేనేమన్న టీవీల వస్తున్ననా?"

"వస్తున్నవ్!" అన్నారు అందరూ ఒక్కసారే.

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, కొంగు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది. రెండోసారి ఇంకా బాగా చెప్పింది.

మేం ఆమె ఇంటి రేకుకు టార్పాలిన్ కొనిపెట్టాం. డబ్బా మాకు వదిలింది. దాంతోపాటు తనూ వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి పెద్దమ్మ వార్తలు.

ఆమె పద్ధతులు ఆమెవి. ముందు మంచి వార్త చదవాలి. "చెడ్డది అందరికీ ఎరుకే, దానికి నేనెందుకు?" అనేది. ఒక వారం మంచి వార్త ఏదీ దొరక్క, ఎదురింటి కోడలికి పంటినొప్పి తగ్గిందని చదివింది. ఆ కోడలు గుమ్మంలోంచి చేయి ఊపి అది నిజమని ధ్రువీకరించింది. బ్రేకింగ్ న్యూస్‌కు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేది. అయితే నిజంగా ఏదైనా పగిలితేనే కొట్టేది. నీళ్ల పైపు పగిలినప్పుడు కొట్టింది, బస్తీ దవాఖానా కిటికీ అద్దం పగిలినప్పుడు కొట్టింది. సన్నబియ్యం ధర పెరిగింది, కొట్టమని మేం అడిగితే, "ధర పెరిగితె పలుగుతదా? మనం పలుగుతం గని" అని కొట్టలేదు. వాతావరణం తన మోకాలిని అడిగి చెప్పేది. మధ్యలో ప్రకటనలు కూడా ఉండేవి. బజ్జీల ఆయన ప్లేటు బజ్జీలు లోపలికి అందించాకే ఆయన బండి పేరు చదివేది.

అన్నిటికన్నా జనం ఎదురుచూసేది చర్చా కార్యక్రమం. చర్చలో ఇద్దరూ ఆమే. కొంగు నెత్తిమీదికి వస్తే ఇంటాయన, భుజం మీదికి జారితే కిరాయికున్నామె. మొదట్లో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. కాసేపటికి కొంగు అంత వేగంగా తిరిగేది కాదు కాబట్టి ఇద్దరూ ఒకేసారి అరిచేవారు. "గిట్ల అరిస్తె ఎవరికి సమజైతది పెద్దమ్మా?" అని అడిగితే, "సమజ్ గావద్దనే గద బిడ్డా చర్చ పెట్టేది" అంది.

వార్తలు చదివేవాళ్లు పేరు చెప్పుకుంటారు, నువ్వూ చెప్పమంటే ఒప్పుకునేది కాదు. "పేరు చెప్తె కరెంటోడు పట్టుకుంటడు" అనేది. అందుకే నేనూ ఇక్కడ రాయడం లేదు.

ఆమె దగ్గర సిద్ధాంతికి తగిన శాస్తి ఒకసారి జరిగింది. వార్తలకు లోతు రావాలని అతను రాత్రంతా కూర్చుని రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఆమె అయిదో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుని చదువుతుంది. "నయా... ఉధార్... వాదం... వల్ల" అని ఆగిపోయింది.

"ఉధార్ కాదు పెద్దమ్మా, ఉదార. నయా ఉదారవాదం" అన్నాడు సిద్ధాంతి పక్కనుంచి.

ఉధార్ అంటే ఆమెకు తెలిసింది కిరాణా అప్పు ఒక్కటే. అతన్ని పట్టించుకోలేదు. జనం వైపు తిరిగింది. "నయా ఉధార్ అంట! పాత ఉధార్ దిక్కు చూస్తెనే కిరాణా సేట్ షట్టర్ గుంజుతుండు. నయా ఉధార్ ఏ దుకాణంల ఇస్తుండ్రో చెప్పు కొడుకా, గదే మొదటి వార్త చదువుత."

జనం పొట్టలు పట్టుకున్నారు. సిద్ధాంతి మొహం మాడిపోయింది. కానీ ఇంటికి పోతూ, "ఆమె చెప్పిందే సరైన నిర్వచనం" అని తన పుస్తకంలో రాసుకున్నాడు. అతనిలో నాకు నచ్చేది అదే.

నాలుగైదు నెలలయ్యేసరికి మా డబ్బా పేరు కాస్త పాకింది. ఒక ఆదివారం నిజమైన టీవీ ఛానల్ వాళ్లొచ్చారు. ఒక రిపోర్టరు, ఒక కెమెరామాన్. కెమెరా వద్దని సిద్ధాంతి గొణిగాడు గానీ, పెద్దమ్మ వాళ్లను రానిచ్చింది. రిపోర్టరు పాతికేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, అలసిన కళ్లు. పెద్దమ్మను చాలా మర్యాదగా పలకరించాడు. పళ్లెం కొట్టడం తీశారు, చర్చ తీశారు. తర్వాత అతను అసలు సంగతికి వచ్చాడు.

"అమ్మా, కార్ఖానా బందైన దినం జర గుర్తుచేస్కోండి. కండ్లల్ల నీళ్లొస్తె మంచిగుంటది."

"ఆ దినం నాకు నీళ్లు రాలే కొడుకా. కోపమొచ్చింది."

"పోనీ, ఇప్పుడు తలుచుకుంటె?"

"ఇప్పుడు మంచిగనే ఉన్న. బజ్జీలు తిన్న."

అతను వదల్లేదు. ఆఫీసులో అడుగుతారని చెప్పాడు. ఒక్క నిమిషం చాలన్నాడు. ఆమె డబ్బాలోంచి బయటికి వచ్చి, "నాకు రాదు బిడ్డా. నువ్వు దీంట్ల కూసోని ఎట్ల ఏడ్వాల్నో చూపెట్టు, నేర్చుకుంట" అంది. అందరూ నవ్వారు, అతనూ నవ్వుతూ లోపలికి దూరి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె గరిటెను మైకులా పట్టుకుంది.

"తిన్నవా కొడుకా?"

"తిన్నమ్మా."

"మస్తు తిరుగుతవా దినాం?"

"మస్తు."

"జీతం మంచిగొస్తదా?"

"మూడు నెల్ల సంది రాలేదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"నాకు నాలుగు" అన్నాడు కెమెరామాన్, కెమెరా దించకుండానే. తర్వాత దించేశాడు.

పెద్దమ్మ గరిటె చంకలో పెట్టుకుని, అతని చేయి పట్టి బయటికి లాగి, "వార్తలు అయిపోయినయి. ఏడ్వకు, ఇద్దరు రాండ్రి, బజ్జీలు తిందురు" అంది. వాళ్లు తిన్నారు. పోయేటప్పుడు రిపోర్టరు ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

మూడు రోజుల తర్వాత ఆ వార్త టీవీలో వచ్చింది. ఆమె పళ్లెం కొట్టే ముక్క ఒక్కటే తీసుకున్నారు. అదే ముక్కను పదిసార్లు తిప్పితిప్పి చూపించారు. ఆమె చేతి చుట్టూ ఎర్ర గుండ్రం గీశారు, వెనక దయ్యాల సినిమా సంగీతం పెట్టారు. కింద పెద్ద అక్షరాలు: 'పాతబస్తీలో వింత మహిళ! అట్టపెట్టెలో పూనకమా?'

మొదట గల్లీ అంతా పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. సాయంత్రానికి నవ్వు ఆగిపోయింది. లాడ్ బజార్‌లో ఒక గాజుల సేట్ అంతకుముందే ఆమెను సోమవారం నుంచి పనికి రమ్మని ఉన్నాడు. ఆ సంగతి ఆమె మాకు కూడా చెప్పలేదు, మంచి వార్తగా చదవాలని దాచుకుంది. ఆ సేట్ మనిషితో కబురు పెట్టాడు: పూనకమొచ్చేటామె దుకాణంలో ఉంటే గిరాకీ భయపడతదని, రావద్దని.

మేం వెళ్లేసరికి ఆమె గడపలో ఉత్తినే కూర్చుని ఉంది. ఆమె మాట్లాడకుండా కూర్చోవడం మేం చూడటం అదే మొదలు. సిద్ధాంతి నిలబడి మీడియా హింస గురించి ఆవేశంగా మాట్లాడాడు. ఆమె అంతా విని, "నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది కొడుకా. గా టీవీ ఆఫీసుకు ఏ బస్ పోతదో గది చెప్పు" అంది.

"పోయి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"తప్పు చదివిండ్రు. తప్పు చదివితె మల్ల సక్కగ చదవాలె గదా. నేను చదువుత లేనా?"

నిజమే. ఎదురింటి కోడలికి తగ్గింది ఎడమ పన్ను కాదు, కుడి పన్ను అని ఆమె ఒకసారి తర్వాతి వారం సవరణ చదివింది.

మర్నాడు ఆమె, నేను, సిద్ధాంతి డబ్బాను మోసుకుని బస్సెక్కాం. కండక్టరు ఒక లావుపాటి ఆమె. "ఆడోళ్లకు ఫ్రీ. డబ్బాకు కాదు, లగేజీ టికెట్ తీస్కోండ్రి" అంది.

"డబ్బాల ఎవరు కూసుంటరు? నేనే గదా. నేను ఆడదాన్ని కాదా?" అంది పెద్దమ్మ.

"ఇప్పుడు కూసోలేదు గదా!"

పెద్దమ్మ వెంటనే డబ్బాలోకి దూరింది. నడుస్తున్న బస్సులో, బొక్కలోంచి ఆధార్ కార్డు చాపింది. బస్సంతా నవ్వుతుంటే కండక్టరు కూడా ఓడిపోయి నవ్వేసింది. అంతా చూసి సిద్ధాంతి ఒక్కడి దగ్గరే టికెట్ వసూలు చేసింది.

ఊరికి అటు చివర, అద్దాల మేడల మధ్య ఆ ఆఫీసు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు లోపలికి పోనివ్వలేదు. ఆమె వాళ్లతో తగువు పెట్టుకోలేదు. ఫుట్‌పాత్ మీద డబ్బా దించి, లోపల కూర్చుని, కొంగు సర్దుకుంది. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు, నలుగురైదుగురు డ్రైవర్లు, చాయ్ బండి ఆయన చుట్టూ చేరారు. తనకు పూనకం లేదనీ, రాళ్లు అద్దే పని పోయిందనీ, ఇంకో పని దొరికితే ఈ మేడలోవాళ్లు దాన్ని కూడా తీశారనీ చదివింది. అయిపోగానే మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి చదువుతుండగా లోపలి నుంచి ఆ రిపోర్టరు పరుగున వచ్చాడు.

"నేను గట్ల పంపలేదమ్మా. ఆ మ్యూజిక్, ఆ అక్షరాలు డెస్కోళ్లు పెట్టిన్రు. నేను చెప్తె ఎవరింటరు?"

"మల్ల నేనెవర్ని అడగాలె?"

అతను తలెత్తి అద్దాల మేడ వైపు చూశాడు. "నాకు గూడ తెల్వదమ్మా" అన్నాడు.

"నీ నౌకరికి అడ్డమొస్తనంటలే కొడుకా. నాకు నా ఇజ్జత్ వాపస్ గావాలె. ఎట్లొస్తదో నువ్వే చెప్పు, చదువుకున్నోనివి."

అతను మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమెను లెమ్మని, తను డబ్బాలో కూర్చున్నాడు. నేను ఫోన్ పైకెత్తాను. సిద్ధాంతి నా చేయి పట్టుకున్నాడు. "కెమెరా వద్దనుకున్నాం కదా!"

"నీ సిద్ధాంతం ఇంటికి పోయినంక తీద్దువుగని. ముందుగాల ఫోన్ తియ్యనియ్యి" అంది పెద్దమ్మ.

అతను టీవీ గొంతుతోనే మొదలుపెట్టాడు. "నమస్కారం. మా ఛానల్లో చూపిన ఒక వార్త తప్పు." అక్కడ ఆ గొంతు ఆగిపోయింది. తర్వాత వచ్చింది ఇంటి గొంతు. "ఆమెకు పూనకం లేదు. ఆమె పని పోయింది. పని పోయినామె మాట్లాడితె, మేము దానికి దయ్యం మ్యూజిక్ పెట్టినం. నేను ఆడనే ఉన్న. నాకు ఎరుకే. నాకు బజ్జీలు గూడ తినిపిచ్చింది. తప్పైంది."

డ్రైవర్లలో ఒకడు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోయేసరికి చేతులు దించాడు. రిపోర్టరు కార్డు మెడలో వేసుకుని, వెనక్కి చూడకుండా గేటులోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె నన్ను వెంటబెట్టుకుని లాడ్ బజార్‌లో ఆ సేట్ దగ్గరికి వెళ్లింది. తాతల నాటి దుకాణం. సేట్ గద్దె మీద దేవుడి పటానికి పూలదండ వేస్తున్నాడు. ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏందమ్మా, మల్ల టీవీ పట్టుకొచ్చినవా?"

"చిన్నది తెచ్చిన సేట్. జర చూడు."

ఆయన నా ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్లజోడు పైకి లేపి, చివరిదాకా చూశాడు. మళ్లీ ఒకసారి చూశాడు. "పాపం, మంచి పిలగాడు" అన్నాడు. "మల్ల వీని నౌకరి?"

"ఇప్పటికైతె ఉన్నది" అంది పెద్దమ్మ.

సేట్ ఫోన్ తిరిగిచ్చి, లోపలి గదిలో రాళ్లు అద్దేవాళ్ల వైపు చేయి చూపించాడు. "కూసో పో. గని నా దుకాణంల వార్తలు చదవద్దు."

"నీ దుకాణంల ఏం వార్తలున్నయి సేట్, ఉన్నయన్ని గాజులే" అంది ఆమె, చెప్పులు విడుస్తూ.

అంతలో సిద్ధాంతి ఫోన్ చేశాడు. రాత్రంతా నిద్రపోలేదట. ఆ వీడియో మా బృందం చేసిన అన్నిటికన్నా గొప్ప పని అన్నాడు. కెమెరా సంగతి తను పొరబడ్డానన్నాడు. వెంటనే అందరికీ పంపమన్నాడు, రేపటికి ఊరంతా చూస్తుందన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆమె గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి విన్నది.

"ఊరంత చూస్తె వానిదేమైతది?" అని అడిగింది నన్ను.

నాకూ పంపాలనే ఉంది. మా నలుగురి పేర్లూ ఎక్కడెక్కడో కనిపిస్తాయన్న ఆశ ఉంది. నా మొహంలో అదంతా ఆమె చదివేసింది.

"మీ కళ బతకాల్నంటె వాని నౌకరి పోవాల్నా బిడ్డా? తుడిచెయ్. తీ, నాకియ్యి, నేనే తుడుస్త."

ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆమె చూపుడువేలుతో నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. ముప్పై ఏళ్లు వేడి లక్క తగిలి తగిలి ఆ వేలి కొన కాయకట్టి, నున్నగా, గాజులా మెరుస్తోంది. తెర దాన్ని వేలని గుర్తించలేదు. బొటనవేలుతో ప్రయత్నించింది. చీరకు తుడుచుకుని మళ్లీ నొక్కింది.

"ఏందిది, నీ ఫోన్ల నేను మనిషినే గానా?" అని విసుక్కుంది.

"నేను నొక్కుతాను పెద్దమ్మా."

"ఆగు" అంది. నా చేతివేలిని తన చేతిలోకి తీసుకుంది. చిన్నపిల్లలకు పలక మీద దిద్దించినట్టు దాన్ని పట్టుకుని, ఆ గుర్తు మీదికి తీసుకుపోయి, నొక్కించింది.

"పోయిందా?"

"పోయింది."

తెర నల్లగా మారేదాకా ఆమె నా వేలు వదల్లేదు. తర్వాత లోపలికి పోయి, రాళ్ల పళ్లెం తన వైపు జరుపుకుని కూర్చుంది.